ఆది జాకెట్టు తెచ్చిన పెద్దమనిషి

1983. కాలిఫోర్నియాలో సన్నీవేల్. ఎల్ కమీనో రోడ్డు మీద ఒక మందుల షాపుకీ టైర్లమ్మే కొట్టుకీ మధ్య మా షాపు ఉండేది. సర్జికల్ సప్లై షాపు అంటారు. చక్రాల కుర్చీలు, చంకకర్రలు, నడుముకి కట్టుకునే బెల్టులు, వాచిన కాళ్ళకి వేసుకునే బిగుతు మేజోళ్ళు, ఇలాంటివన్నీ అమ్మేవాళ్ళం. షాపు వెనక భాగంలో తెర దాటి వెళ్తే మూడు వైపులా అద్దాలున్న చిన్న గది ఉండేది. నా ఉద్యోగం ఆ గదిలో. నేను ఫిట్టర్ని.

ఈ మాట చెబితే మనవాళ్ళు నేను పైపులు బిగిస్తాననుకునేవారు. విడమరిచి చెబితే మాట మార్చేవారు. రొమ్ము కేన్సర్ వచ్చి మాస్టెక్టమీ, అంటే రొమ్ము తీసేసే ఆపరేషన్, అయిన ఆడవాళ్ళు ఆ లోటు పైకి తెలియకుండా బట్టల లోపల పెట్టుకునే వస్తువు ఒకటుంటుంది. మా భాషలో దాన్ని ఫారమ్ అంటాం. అప్పట్లో సిలికాన్‌వి కొత్తగా వస్తున్నాయి. తాకితే మొదట చల్లగా ఉంటుంది, కాసేపటికి ఒంటి వేడికి వెచ్చబడుతుంది. దానికి బరువు కూడా ఉండాలి. ఒక వైపు బరువు పోతే మనిషికి తెలియకుండానే ఆ భుజం పైకి లేస్తుంది, కొన్నాళ్ళకి మెడా వెన్నూ పట్టేస్తాయి. సైజూ ఆకారం బరువూ మనిషిని బట్టి చూసి, అమర్చి, అద్దంలో చూపించి పంపడం ఫిట్టర్ పని.

మా ఆయన కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఇంజనీరు. నేను విజయవాడలో కుట్టు నేర్చుకున్నదాన్ని. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని ఆ షాపులో చేరాను. షాపు డోరతీది. అరవై దాటిన మనిషి, గట్టి గొంతు, అంతకంటే గట్టి నవ్వు. తనకీ పదేళ్ళ క్రితం అదే ఆపరేషన్ అయింది. "నీ చేతులు బాగున్నాయి, నీ మొహం ఏమీ బయటపెట్టదు, ఈ పనికి పనికొస్తావు" అని నాకు పని నేర్పింది. డోరతీ మాటలన్నీ ఇంగ్లీషులోవే. నేను నా తెలుగులోకి మార్చి చెప్తున్నాను.

ఆ శనివారం పొద్దున్నే ఒక పెద్దమనిషి షాపులోకి వచ్చాడు. నలభై ఎనిమిది, యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మడత పెట్టిన కాగితం సంచి. కాసేపు చంకకర్రల దగ్గర నిలబడి వాటిని కొనేవాడిలా చూశాడు. నేను తెర పక్కకి లాగి బయటికొచ్చి "ఏమైనా కావాలా" అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన నా మొహం చూశాడు, బొట్టు చూశాడు.

"మీరు... ఇండియా నుంచా?" అన్నాడు.

"అవునండీ. ఆంధ్రా."

ఆ మాటతో ఆయన మొహంలో రంగు మారిపోయింది. "థాంక్యూ" అన్నాడు. దేనికో నాకు తెలియదు. వెనక్కి తిరిగి దాదాపు పరిగెత్తాడు. నేనేం తప్పు మాట్లాడానా అని డోరతీ వైపు చూశాను. డోరతీ భుజాలెగరేసింది.

వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చాడు. ఈసారి తిన్నగా నా దగ్గరికే వచ్చి తెలుగులో మొదలుపెట్టాడు. "అమ్మా, పోయినవారం అలా వెళ్ళిపోయాను, ఏమీ అనుకోకండి. మా ఊరు ఫ్రీమాంట్. అక్కడ కూడా ఇలాంటి షాపుంది. ఎవరైనా మనవాళ్ళు చూస్తారని ఇంతదూరం డ్రైవ్ చేసుకుని వచ్చాను."

"వస్తే ఇక్కడ నేనున్నాను" అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. అలా ఇద్దరం ఒకసారి నవ్వుకున్నాక ఆయన పేరు సూర్యనారాయణ అనీ, ఏదో రిసెర్చ్ లాబ్‌లో సైంటిస్టు అనీ, భార్య సుభద్రకి రెండు నెలల క్రితం ఆపరేషన్ అయిందనీ తెలిసింది. కూతురు లాస్ ఏంజెలిస్‌లో కాలేజీలో ఉంది. ఇంట్లో ఇద్దరే. నేను ఆయన్ని అన్నయ్యగారూ అన్నాను. అంతకంటే వేరే వరసలో ఆ విషయం మాట్లాడడం మా ఇద్దరివల్లా అయ్యేది కాదు. ఆయన కూడా గట్టు దొరికినట్టు వెంటనే "చూడు చెల్లెమ్మా" అని అందుకున్నాడు.

అప్పుడు సంచి విప్పి, మాటల మధ్యలో, ఒక జాకెట్టు తీసి కౌంటర్ మీద పెట్టాడు. నీలం రంగు, చేతులకి జరీ అంచు. "ఆది తెచ్చాను" అన్నాడు.

మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మనవైపు జాకెట్టు కుట్టించుకోవాలంటే మనిషి దర్జీ దగ్గరికి వెళ్ళి టేపుతో కొలిపించుకోదు. సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకటి పంపుతుంది. దాన్నే ఆది అంటాం. మొగుడో కొడుకో సైకిల్ మీద తీసుకెళ్ళి ఇచ్చినా సరిపోతుంది. సూర్యనారాయణగారు ఆ పద్ధతినే నమ్ముకుని, సంచీలో జాకెట్టు పెట్టుకుని, దాని ప్రకారం భార్యకి పోయిన భాగం తెచ్చుకుందామని బయల్దేరాడు.

డోరతీ ఆ జాకెట్టుని పైకెత్తి చూసింది. "ఇదేమిటి? పిల్లల చొక్కానా?" అంది. నేను వివరించాను. డోరతీ చాలాసేపు ఆలోచించింది. "అంటే మీ దేశంలో కస్టమర్ ఇంట్లో ఉంటుంది, బట్ట ఫిట్టింగ్‌కి వస్తుంది. అంతేనా?" అంది. అంతే అన్నాను.

"అన్నయ్యగారూ, ఇది కుట్టే వస్తువు కాదు. వదినగారు ఒకసారి రావాలి. మచ్చ ఎలా ఉంది, చర్మం ఎంతవరకూ తీశారు, అవన్నీ చూడాలి" అన్నాను.

"రాదమ్మా." గొంతు తగ్గించాడు. "షాపు దాకా ఎందుకు, నా ముందుకే రావట్లేదు. హాస్పిటల్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటోంది. స్నానం, బట్టలు మార్చుకోవడం, పడుకోవడం, అన్నీ తలుపేసుకునే. నేను హాల్లో సోఫా మీద. పెళ్ళై ఇరవై రెండేళ్ళు. ఎప్పుడూ ఇలా లేదు. వంట నేనే చేస్తున్నాను, గిన్నెలు నేనే, బట్టలు నేనే. కుడిచెయ్యి పైకెత్తలేకపోతోంది కదా, జడ కూడా నేనే వేస్తున్నాను. నేర్చుకున్నాను. వెనక్కి తిరిగి కూర్చుంటుంది, వేస్తాను, లేచి వెళ్ళిపోతుంది. సిగ్గుపడుతోందమ్మా. ఇది సరిగ్గా అమిరిందంటే ఆ తలుపు తీస్తుంది. నాకు తెలుసు."

ఆయనకి కావలసింది నాకు అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాను. ఆ తలుపు తెరుచుకోవాలి. దానికి తాళంచెవి నా అలమారలో ఉందని ఆయన నమ్మకం. అలా నమ్మే మనిషిని వట్టి చేతులతో పంపడం నాకు చేతకాలేదు. డోరతీ కూడా మనుషుల్ని నమ్మే రకం. పైనున్న పలచటి ప్లాస్టిక్ కవరు తియ్యకుండా ఇంటికి తీసుకెళ్ళి, లోపల పెట్టుకు చూసి, సరిపోకపోతే వెనక్కి తెచ్చేలా ఒక ఫారమ్ ఇవ్వమంది. నేను నీలం జాకెట్టుకి లోపలా బయటా టేపు పెట్టి, బిగువు కోసం వేసే డాట్ల మడతలు లెక్క చూసి, ఒకటి ఎంచి ఇచ్చాను. చీటీ మీద ఇంటి ఫోన్ నంబరు రాసి వెళ్ళాడు.

మరుసటి శనివారం తిరిగొచ్చాడు. "సరిపోలేదట."

"పెద్దదైందా, చిన్నదైందా?"

"చెప్పదమ్మా. సరిపోలేదంది. ఇది ఆదిగా ఇమ్మంది." ఈసారి పసుపు జాకెట్టు.

టేపు పెట్టి చూస్తే నాకు మతిపోయింది. నీలం జాకెట్టుకీ దీనికీ ఎక్కడా పొంతన లేదు. ఛాతీ రెండంగుళాలు తక్కువ, భుజాలు ఇరుకు, వీపు పొట్టి. ఒకే మనిషి రెండూ తొడుక్కోవడం జరిగే పని కాదు. ఆపరేషన్ తరువాత చిక్కిపోయి ఉంటుందిలే అనుకున్నాను. చిక్కితే నడుము చిక్కుతుంది, చేతులు చిక్కుతాయి, భుజం ఎముక ఎలా చిక్కుతుందని నాలోనే నేను వాదించుకున్నాను. ఆయన్నడిగితే ఆయన కూడా అయోమయంగా జాకెట్టు వైపే చూశాడు. అది ఎన్నడూ చూసిన గుర్తు లేదన్నాడు. అయితే మగవాళ్ళకి పెళ్ళాం జాకెట్లు గుర్తుంటాయా అని కూడా అన్నాడు. సరే, చిన్న ఫారమ్ ఇచ్చాను.

మళ్ళీ శనివారం. మళ్ళీ సరిపోలేదు. ఈసారి తెచ్చిన తెల్ల జాకెట్టు మొదటి రెండిటికంటే పెద్దది. ఇద్దరు మనుషులు పట్టేలా ఉంది. దాని కొలతకీ ఒక ఫారమ్ ఇచ్చి పంపాను.

ఆయన వెళ్ళాక డోరతీ నన్ను కూర్చోబెట్టింది. "కమలా, నీకు చెప్పాలో వద్దో తెలియదు. కొందరు మగాళ్ళు ఆడబట్టలు వేసుకోవడానికి తమకోసం తామే వస్తారు. భార్యకి అని చెప్తారు. తప్పేమీ లేదు. మనం మర్యాదగా చూస్తాం. నువ్వు ఒకసారి మెల్లిగా అడుగు" అంది.

సూర్యనారాయణగారిని నేను ఆ ప్రశ్న అడగడమా? అన్నయ్యగారూ అని పిలిచి ఆ తరువాత అదా? అలా కాదని తలదులుపుకుంటే ఇంకో ఆలోచన వచ్చింది. అది దీనికన్నా చెడ్డది. ఆవిడ అసలు ఉందా? మనిషి పోయి, ఈయన దుఃఖంలో మతి తప్పి, పెట్టెలో ఉన్న జాకెట్లు ఒక్కొక్కటే తీసుకుని నా దగ్గరికి వస్తున్నాడా? జడ వేస్తున్నాను అన్నాడు కదా, ఎవరికి వేస్తున్నాడు? ఆ రోజు ఇంటికెళ్ళి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన ఏమైందని అడిగితే ఏమని చెప్పను?

ఆగలేక సోమవారం షాపు నుంచి ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఆడగొంతు పలికింది. నా ప్రాణం కుదుటపడింది.

సూర్యనారాయణగారున్నారా అని ఇంగ్లీషులో అడిగాను. "ఇంట్లో లేరు" అంది ఇంగ్లీషులోనే.

"వదినగారూ, నేను సన్నీవేల్ షాపు నుంచి కమలని" అన్నాను తెలుగులో.

ఆవిడ తాపీగా "ఓ, నువ్వా అమ్మా! ఆయనచేత జాకెట్టు పంపాను కదూ. చూస్తూ ఉండు. కంగారేం లేదు" అంది.

"మీరొకసారి వస్తే అయిదు నిమిషాల పని వదినగారూ."

"అయిదు నిమిషాల్లో అయిపోతే ఎలా?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ మాటకి అర్థం ఏమిటో నాకు అంతుపట్టలేదు. మనిషి ఉంది. మతి బాగానే ఉంది. గొంతులో సిగ్గు లేదు, ఏడుపు లేదు. ఫారమ్ కావాలని అడుగుతోంది, దాన్ని చూసుకునే తొందర లేదు. డోరతీకి చెబితే తనకీ తల తిరిగింది. చివరికి "హౌస్ కాల్ వెళ్ళు" అంది. షాపుకి రాలేని వాళ్ళ దగ్గరికి ఫిట్టరే సంచి పట్టుకుని వెళ్ళడం మా వృత్తిలో ఉన్నదే. ఆయన్నడిగితే ఆమె ఒప్పుకోదన్నాడు. తీరా ఇంటికెళ్ళి అడిగితే, ఆ అమ్మాయిని రమ్మనండి అందట. ఒప్పుకున్నందుకు ఆయన నాకంటే ఎక్కువ తికమకపడ్డాడు.

వెళ్ళాను. ఏప్రన్ కట్టుకుని ఆయనే తలుపు తీశాడు. ఇల్లంతా పోపు వాసన. నాకోసం ఉప్మా చేస్తున్నాడు. "లోపలుంది. నువ్వు తలుపు కొట్టమ్మా. నేను కొడితే తియ్యదు" అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

నేను ఊహించుకున్న మనిషి వేరు. మంచానికి అతుక్కుపోయి, కళ్ళు గుంటలు పడి, దుప్పటి కప్పుకుని ఉంటుందనుకున్నాను. తలుపు తీసినావిడ నిండుగా, కళ్ళజోడు పెట్టుకుని, కాటన్ హౌస్‌కోట్ వేసుకుని ఉంది. జడ ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా ఉంది. సైంటిస్టు వేసిన జడ కదా అనుకున్నాను.

"రా అమ్మా. తలుపు వేసెయ్" అంది.

మంచం మీద నేను చివర ఇచ్చిన ఫారమ్, కవరు తియ్యకుండా ఉంది. నేను ఇక ఉండబట్టలేక అడిగేశాను. "వదినగారూ, ఏమీ అనుకోకండి. ఆ మూడు జాకెట్లూ మీవేనా?"

"మొదటిది నాదే. పసుపుది మా చెల్లెలిది, పోయినేడాది వచ్చినప్పుడు మర్చిపోయి వెళ్ళింది. తెల్లది నాదే గానీ అమ్మాయి పుట్టిన కొత్తల్లోది."

"మరి మొదటిదానికిచ్చిన ఫారమ్?"

"అతికినట్టు సరిపోయింది. నీ చెయ్యి మంచిదమ్మా."

నాకు కోపం వచ్చింది, దాచను. మూడు శనివారాలు నన్ను వెర్రిదాన్ని చేసింది, పాపం ఆ మనిషిని ఊరి నుంచి ఊరికి తిప్పింది. "అయితే ఎందుకిలా తిప్పుతున్నారు ఆయన్ని?" అన్నాను. గొంతు కొంచెం లేచే ఉంటుంది.

ఆవిడకి కోపం రాలేదు. మంచం అంచున కూర్చుంది. "కట్టు విప్పిన రోజు డాక్టరు ఆయన్ని కూడా దగ్గరికి రమ్మన్నాడు. ఇంటికెళ్ళాక కట్టు మార్చాలి కదా, చూసి నేర్చుకోమన్నాడు. ఆయన చూశారు. చూసి నిలబడ్డచోటే కూలబడిపోయారు. నర్సులు నన్ను అలాగే వదిలేసి ఆయన తల ఎత్తి నీళ్ళు తాగించారు. నేను అలా తెరుచుకుని కూర్చునే ఉన్నాను. ఆ రోజు నుంచీ తలుపు వేసుకుంటున్నాను. ఇంకేం చెయ్యను? రోజూ పడిపోతారా మనిషి?"

"ఆయన మీకు సిగ్గనుకుంటున్నారు."

"అనుకోనీ. మీకు నన్ను చూసే ధైర్యం లేదని మొహం మీద చెప్పనా? ఇల్లంతా ఆయనే మోస్తున్నారు. ఆఫీసు నుంచి వచ్చి వంట చేస్తారు, జడ వేస్తారు. వెనక నుంచి వేస్తారు. అద్దంలో కూడా చూడరు."

ఆవిడ ఆ ఫారమ్ చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "ఏదో ఒకటి సరిపోయిందని చెప్పాననుకో. ఆయనకి అంతా అయిపోయినట్టే. హమ్మయ్య, ఎప్పటిలాగే ఉన్నావంటారు. చీర కట్టుకోమని ఎవరింటికో భోజనానికి తీసుకెళ్తారు. ఇక దాని మాటే ఎత్తరు. నాకింకా అవలేదమ్మా. నాకేం జరిగిందో ఇంట్లో ఇంకో మనిషికి తెలియదు. చూడకుండానే మూత పెట్టేస్తే ఎలా?"

అప్పటికి చాలామందికి ఫిట్టింగ్ చేశాను. ప్రతివాళ్ళూ త్వరగా కప్పుకోవాలనే వచ్చారు. నేను నేర్చుకున్నదీ కప్పడమే. ఇప్పుడు కప్పొద్దు అంటున్న మనిషి ముందు సంచి పట్టుకుని కూర్చుంటే, నేనక్కడికి ఏ పని మీద వచ్చానో నాకే తెలియలేదు. ఆవిడకి దుఃఖమా, కోపమా, పంతమా అనేది కూడా తేల్చుకోలేకపోయాను. బహుశా ఆవిడ కూడా తేల్చుకోలేదు.

"సరే, వచ్చావు కాబట్టి చూడు" అంటూ బొత్తాలు విప్పింది. కుడి పక్క ఛాతీ ఎముకల మీద చర్మం సాగదీసి కుట్టారు. కుట్టు మధ్య నుంచి చంక దాకా వంకరగా వెళ్ళింది. ఇంకా ఎర్రగా ఉంది. బాగా మానుతోందని చెప్పాను. చెయ్యి ఎంత లేస్తోందో చూశాను. ఆవిడ నా మొహాన్నే చూస్తోంది.

"నీకేం కాలేదుగా?"

"నేను రోజూ చూస్తాను వదినగారూ."

"రోజూ చూస్తే ఏమీ కాదన్నమాట" అంది. వంటింటి వైపు చూసింది.

"ఆయన్ని పిలవనా?"

"వద్దు. పిలిస్తే వస్తారు, నా కోసం కళ్ళు తెరిచి నిలబడతారు. పిలవకు." నేను సంచి సర్దుకుని లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి "తలుపు వెయ్యకు" అంది.

వంటింట్లో ఆయన గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. "సరిపోయిందా?"

ఫిట్టింగ్ గదిలో విన్నది బయట చెప్పకూడదు. డోరతీ నాకు నేర్పిన మొదటి నియమం అది. సరిపోయిందన్నా అబద్ధం కాదు, సరిపోలేదన్నా అబద్ధం కాదు. రెండిటిలో ఏది చెప్పినా ఆ ఇంటికి నేను అన్యాయం చేసినట్టే అనిపించింది. నాకు తోచింది ఒక్కటే.

"అన్నయ్యగారూ, తలుపు తీసే ఉంది."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. "తీసి ఉందా? నువ్వు వెయ్యడం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. వెయ్యొద్దన్నారు."

ఆయన గరిటె ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాడు. నేను అందుకున్నాను. ఏప్రన్‌కి చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలమ్మా?" అన్నాడు. అంత చదువుకున్న మనిషి నన్ను అడుగుతున్నాడు. "నాకు తెలియదు అన్నయ్యగారూ" అన్నాను. నిజంగానే తెలియదు. ఆయన వెళ్ళాడు. నేను స్టవ్ కట్టేసి నిలబడ్డాను.

మాటలు వినిపించలేదు. కొంచెంసేపటికి దబ్బున చప్పుడైంది. పరిగెత్తాను. గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

ఆయన నేల మీద గోడకానుకుని కూలబడి ఉన్నాడు. ఆవిడ పక్కనే నేల మీద, హౌస్‌కోట్ బొత్తాలు పెట్టుకోకుండానే కూర్చుని, ఎడమచేత్తో ఆయన వీపు రాస్తోంది. "తల దించండి. మోకాళ్ళ మధ్యకి దించండి. ఊపిరి తీసుకోండి. నేనున్నాను కదా" అంటోంది.

ఆయన ఒళ్ళంతా చెమట. తల దించుకునే ఆవిడ చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

"ఆగు" అన్నాడు. "బొత్తాలు పెట్టకు. ఇంకోసారి చూస్తాను."

ఆవిడ భుజాలు కదిలిపోతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి నాకు తెలియలేదు. నేను అక్కడ ఉండకూడదని మాత్రం తెలిసింది. చప్పుడు కాకుండా నా సంచి తీసుకుని, వీధి తలుపు దగ్గరికి లాగి, కారెక్కి వచ్చేశాను. దారంతా ఏడ్చాను.

"సరిపోయిందా?" అంది డోరతీ నన్ను చూడగానే. తెలియదన్నాను. "ఏది కొన్నారు?" ఏదీ కొనలేదన్నాను.

ఆ తరువాతి శనివారం ఆయన రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. బాగుపడ్డారా, ఇంకా దూరమయ్యారా అని చాలా రోజులు కొట్టుమిట్టాడాను. ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు. ఎండాకాలం ముదిరాక ఒకరోజు ఇద్దరూ కలిసి వచ్చారు. ఆవిడ తేలికపాటి ఫారమ్ ఒకటి ఎంచుకుంది. బయటికెళ్ళేటప్పుడు మాత్రమే, ఇంట్లో పెట్టుకోనని చెప్పింది. అప్పటిదాకా మా షాపులో భర్తలు చక్రాల కుర్చీల దగ్గర కూర్చుని పత్రిక తిరగేసేవారు. ఈయన తెర దాటి లోపలికొచ్చి, అద్దాల మధ్య నిలబడి, ఆవిడ వైపే చూస్తూ, "ఎడమవైపుకంటే కొంచెం కిందికుంది, సర్దమ్మా" అని నాకు చెప్పాడు. నిజంగానే కిందికి ఉంది.

ఆ తరువాత చాలా ఏళ్ళు అదే పని చేశాను. ఆ కేసు నీకేం నేర్పిందని అడిగితే టక్కున చెప్పలేను. ఆయన తలుపు తెరుచుకోవాలనుకున్నాడు, ఆవిడా అదే కోరుకుంది. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ దాన్ని మూసి ఉంచారు. మధ్యలో నేను టేపు పెట్టి జాకెట్లు కొలుస్తున్నాను. ఇందులో తప్పెవరిదో నాకు ఇప్పటికీ తేలలేదు. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. ఫిట్టింగ్ గదిలో ఇంకో స్టూల్ వేయించాను. కొత్తగా వచ్చినావిడని సైజు అడిగేముందు, "మీ మచ్చని ఇంట్లో ఎవరైనా చూశారా?" అని అడగడం మొదలుపెట్టాను. కొందరు కోపగించుకునేవారు, కొందరు నీకెందుకనేవారు, కొందరు ఏమీ అనకుండా బయట కూర్చున్న మనిషిని పిలవమనేవారు. అడగాలని సుభద్రగారి ఇంట్లో నేర్చుకున్నాను. గొంతు తడబడకుండా అడగడం మాత్రం ఉద్యోగం మానేసే రోజుక్కూడా నాకు రాలేదు.